ఎగుమతి రొయ్యకున్న యోగం

భీమవరం చుట్టుపక్కల ఒకే చెరువులో పెరిగిన రెండు వనామీ రొయ్యల జాతకాలు ఒకేలా ఉండాలని లేదు. ఒకటి యూరప్ కంటైనర్ ఎక్కుతుంది, రెండోది మన వేపుడు మూకుడులో పడుతుంది. మొదటి దానికి రాజమర్యాద. పట్టుబడికి ముందే నమూనా తీసి ల్యాబ్‌కు పంపి, యాంటీబయాటిక్ ఆనవాళ్లు లేవని కాగితం పుచ్చుకోవాలి. ఆవలి ఒడ్డున మళ్లీ పరీక్ష. ఒకప్పుడు యూరప్ వాళ్లు మన చెరువుల సరుకులో పది శాతాన్నే తీసి చూసేవారు. మన మాట మీద నమ్మకం మరీ ఎక్కువై 2016లో దాన్ని యాభై శాతానికి పెంచారు. రెండో రొయ్యను మాత్రం ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు లేరు. దాని బాధ్యత అల్లం వెల్లుల్లి చూసుకుంటాయి. అతిథిని దేవుడిలా చూసుకోమన్నారు కదా, మన ప్రభుత్వాలు ఆ మాటను అతిథి దేశం దాకా మోసుకెళ్లి మరీ పాటిస్తున్నాయి.

పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గించడానికి సర్కారు ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. చాలా రాసింది. 2007లోనే కోళ్ల మేత ప్రమాణంలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, బరువు పెరగడానికి ఈ మందులు వద్దని చెప్పింది. పాటించడం మాత్రం ఎవరిష్టం వాళ్లదంది. 2014లో కేంద్ర పశుసంవర్ధక శాఖ అదే విషయమై రాష్ట్రాలకు లేఖ రాసింది. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2019లో కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు నిషేధించారు, ఇది నికార్సైన పని. ఏ మందూ పనిచేయని రోగికి డాక్టర్లు చివరగా అందుకునే ఆ మందును మనం కోడిపిల్ల బరువు కోసం మేతలో కలుపుతూ వచ్చాం. దాన్ని ఓడించే జన్యువు సూక్ష్మజీవుల మధ్య చేతులు మారుతోందని చైనా శాస్త్రవేత్తలు 2015లోనే లోకానికి చెప్పినా, మనం తొందరపడలేదు. 2025 మార్చిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంతు వచ్చింది. అదే ఏడాది మేలో ఏకంగా 34 మందులకు నిషేధ ముసాయిదా వెలువడింది.

ఆ 34 మందుల జాబితాను ఒకసారి తీరిగ్గా చదవాలి. అందులో 15 యాంటీబయాటిక్ రకాలు, 18 వైరస్ మందులు, ఒకటి ప్రోటోజోవా మందు. మన కోళ్ల ఫారాల్లో ఏం వాడుతున్నారో వాకబు చేసి రాసినట్టు కనిపించదు. యూరప్ తన పశువులకు నిషేధించిన జాబితాకు దగ్గరి చుట్టంలా ఉంది. ఆ యూరప్ నిబంధన మనలాంటి ఎగుమతిదారులకూ 2026 సెప్టెంబర్ 3 నుంచి వర్తిస్తుంది. మనుషుల కోసం దాచుకోవాల్సిన ఆఖరి మందులను కాపాడటం సరైనదే, అందులో తగువు లేదు. కానీ 2014లో ఢిల్లీ చుట్టుపక్కల కొన్న 70 కోడి మాంసం నమూనాలను సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) పరీక్షిస్తే నలభై శాతంలో దొరికినవి టెట్రాసైక్లిన్‌లు, ఎన్‌రోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి. వీటిలో ఒక్కటీ ఆ 34లో లేదు. కోడికి ఎవరూ వేయని వైరస్ మందులను నిషేధించడంలో ఒక సుఖం ఉంది. మర్నాటికే వందశాతం అమలైపోతుంది.

ఇంతకంటే లోతైన చిక్కు ఒకటుంది. మన యంత్రాంగం చూపంతా మాంసంలో, పాలలో మిగిలిపోయే మందు అవశేషం మీదే. అవశేషం తేలితే కంటైనర్ వెనక్కి వస్తుంది, డాలర్లు పోతాయి, కాబట్టి శ్రద్ధ. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే యాంటీబయాటిక్‌లు పరిమితి దాటినవి 1.2 శాతమే, ఇక బెంగ దేనికని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. కానీ అమ్మకానికి కొన్ని రోజుల ముందు మందు ఆపేస్తే అవశేషం పోతుంది. ఆ మందుకు లొంగకుండా నేర్చుకున్న సూక్ష్మజీవి పోదు. అది కోళ్ల ఎరువుతో పొలానికి, చెరువు నీటితో కాలువకు, పనివాడి చేతులతో ఇంటికి చేరుతుంది. సర్టిఫికెట్ రొయ్యకు ఇచ్చాం గానీ చెరువుకు ఇవ్వలేదు. అవశేషం సరుకుకు పట్టిన జబ్బయితే, నిరోధకత ఊరికి పట్టిన జబ్బు. మొదటిదానికి కొనుగోలుదారుడు ఉన్నాడు, రెండోదానికి లేడు. సర్కారు శ్రద్ధ ఎటు మొగ్గిందో వేరే చెప్పక్కర్లేదు.

రైతు బతకొద్దా అంటారు. బతకాలి, అందుకే అతని జేబు నుంచి పోయే డబ్బు లెక్క చూడాలి. రొయ్యల రైతును ముంచేవి ప్రధానంగా తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి. ఈ రెండింటి మీదా యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా పంట పోతుందన్న భయం ముందు, మందుల షాపే సలహా కేంద్రం కూడా అయినచోట, సీసా అమ్ముడుపోతుంది. మందు అమ్మేవాడే జబ్బు చెప్పే ఏర్పాటును వదిలేసి రైతుకు అవగాహన సదస్సులు పెట్టడం మన శాఖలకు ఇష్టమైన వ్యాయామం. ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, సమోసా. డెన్మార్క్ 1995లోనే మందుల అమ్మకం మీద పశువైద్యుడి లాభాన్ని కత్తిరించింది. 2000 నుంచి ఏ ఫారానికి, ఏ జంతువుకు ఎంత మందు వెళ్లిందో నమోదు చేస్తోంది. 2010 నుంచి హద్దు దాటిన పందుల ఫారానికి పసుపు కార్డు చూపిస్తోంది. అయినా పంది మాంసం ఎగుమతిలో ఆ దేశం చితికిపోలేదు.

డెన్మార్క్ ఎంత, మన దేశం ఎంత, ఇక్కడ పెరటి కోడిని ఎవరు లెక్కపెడతారన్నది తర్వాతి అభ్యంతరం. పెరటి కోడిని లెక్కపెట్టమని ఎవరూ అనలేదు, దానికి కొలిస్టిన్ పెట్టే స్తోమత కూడా లేదు. మన బ్రాయిలర్‌లో పెద్ద వాటా కాంట్రాక్టు పెంపకానిది. పిల్ల, మేత, మందు కంపెనీవి, షెడ్డు, చాకిరీ రైతువి. అంటే లక్షల షెడ్ల గుమ్మాలు తొక్కక్కర్లేదు, కంపెనీల, మేత మిల్లుల పద్దులు అడిగితే చాలు. అలా అడిగి ప్రజల ముందు పెట్టే ఏర్పాటు మనకు లేదు. మన పశువులు ఏటా ఎన్ని టన్నుల మందు మింగుతున్నాయంటే విదేశీ పరిశోధకులు వేసిన అంచనా వెతుక్కోవాలి.

అసలు దోషులు ఆస్పత్రులు, మందుల ఫ్యాక్టరీలు కదా అని కోళ్ల పరిశ్రమ వేలు చూపిస్తుంది. వేలు సరైన దిక్కుకే ఉంది. 2007లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఫ్యాక్టరీ వ్యర్థాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా వేసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు ఆవిరైపోయాయి. ఫ్యాక్టరీ తప్పు కోళ్ల ఫారానికి క్షమాభిక్ష ఎలా అవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ముసాయిదాలో ఉన్నది తుదిలో మాయం కావడం మన సొంత విద్య కూడా కాదు. 2024 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి యాంటీబయాటిక్ నిరోధకత మీద పెద్ద సభ చేసింది. వ్యవసాయంలో ఈ మందుల వాడకాన్ని 2030కల్లా కనీసం ముప్పై శాతం తగ్గించాలని మొదటి ముసాయిదాలో ఉంది. దేశాలన్నీ కూర్చుని చర్చించి చివరికి, అర్థవంతంగా తగ్గించడానికి కృషి చేస్తామని రాసుకున్నాయి. వాడకం లెక్కే ప్రకటించని మన దేశానికి ఇంతకంటే అనుకూలమైన గడువు దొరకదు. అర్థవంతం అంటే ఎంతో చెప్పే తూనికరాయి ఎవరి దగ్గరా లేదు కనుక, 2030లో మన నివేదికలో లక్ష్యం చేరుకున్నామని రాయడానికి గుమాస్తా ఇప్పుడే కలం సవరించుకోవచ్చు.