ఇట్లు, బొటనవేలు

ఈమెయిల్‌తో సహా మెసేజింగ్ మొత్తాన్నీ మళ్లీ కొత్తగా ఆలోచించాలని ఎక్స్ యజమాని ఎలాన్ మస్క్ 2024 డిసెంబరులో సెలవిచ్చారు. ఎక్స్.కామ్ పేరుతో ఒక మెయిల్ అడ్రసు, చూడ్డానికి ఎక్స్‌లో నేరుగా పంపుకునే డీఎంలా శుభ్రంగా ఉంటే చాలని ఎవరో అడిగితే ఆయన ముచ్చటపడ్డారు. చేయాల్సిన పనుల జాబితాలో అదీ ఉందన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ‘వస్తోంది’ అన్నదీ ఆయనే. అప్పటికి పది నెలలుగా వస్తూనే ఉంది. మన దగ్గర కొన్ని రోడ్లూ ఇలాగే వస్తుంటాయి.

డీఎంలా ఉండే ఉత్తరం అంటే ఏమిటో అర్థం కావాలంటే శామీర్‌పేట మండలం అంతాయిపల్లికి పోవాలి. మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేట్ అక్కడే. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి. మస్క్ గారి ఆలోచన నిజంగానే అక్కడి దాకా వచ్చిందనుకుందాం. మూడుచింతలపల్లి వైపు నుంచి ఒక తాత వచ్చాడు. 2020 అక్టోబరు 29న భూముల రికార్డుల ధరణి పోర్టల్‌ను అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించింది ఆ ఊళ్లోనే. తాతవి పద్నాలుగు గుంటలు అందులో కనబడకుండా పోయాయి. 2024 డిసెంబరులోనే శాసనసభ ధరణి స్థానంలో భూభారతి తెచ్చే బిల్లును ఆమోదించింది కనుక, ఆ గుంటలు ఇక ఎందులో కనబడకూడదో అప్పటికి తేలాల్సి ఉంది.

అర్జీ రాసే పిల్లవాడు కాగితం పక్కన పడేసి ఫోను తీశాడు.

“తాతా, ఇగ ‘విషయం’ అని రాసుడు లేదు.”

“విషయం లేకుంటే సారుకు ఎట్ల ఎరుకైతది బిడ్డా?”

“నువ్వు ‘హాయ్’ అని పెట్టాలె. సారు ‘హాయ్’ అంటడు. గప్పుడు చెప్పాలె.”

“సారు అనకుంటే?”

“చూసిండని అయితే తెలుస్తది.”

“చూసిండని నాకు నాలుగేండ్ల నుంచి ఎరుకే.”

ఈ ‘విషయం’ మీద పగ మస్క్‌తో మొదలైంది కాదు. 2010 నవంబరు 15న మార్క్ జుకర్‌బర్గ్ ఫేస్‌బుక్ తరఫున ఇలాంటి పెట్టెనే తెరిచారు. హైదరాబాద్‌లో ఫేస్‌బుక్ భారత్‌లోని తొలి ఆఫీసు పెట్టిన ఏడాదే అది. బడిపిల్లలతో మాట్లాడితే ఈమెయిల్ మరీ నెమ్మది అన్నారట. సబ్జెక్టు రాయాలి, పైన పలకరింపు రాయాలి, కింద సంతకం చేయాలి, ఇంత బరువు మోయలేమన్నారట. అప్పటికి జుకర్‌బర్గ్ వయసు 26. ‘ఉభయకుశలోపరి’తో మొదలుపెట్టి, ‘చిత్తగించవలెను’ దాకా నడిచి, కార్డులో చోటు చాలక అంచు చుట్టూ నిలువుగా రాసిన జాతి బరువు ఆయనకు తెలియదు పాపం. సబ్జెక్టు తీసేశారు. ఇది ఈమెయిల్ కాదన్నారు, ఈమెయిల్ అడ్రసు మాత్రం ఇచ్చారు.

సరే, తాత ‘హాయ్’ పెట్టాడు. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎందుకంటే తాతకు నీలం టిక్కు లేదు. 2024లో ఎక్స్ వెబ్‌లో నెలకు 650 రూపాయలు కడితే ఆ టిక్కు వచ్చేది, కట్టినవాళ్ల మాట పైకి తేలేది. చెల్లించినవాడి అర్జీ పైకి రావడం ఈ దేశానికి కొత్తేమీ కాదు. దానికి నెలవారీ చందా అని పేరు పెట్టాలని మనవాళ్లకు తట్టలేదు, అంతే.

మిగిలింది సంతకం. తాత అలవాటుగా సిరా పెట్టె కోసం చూసి వేలు చాపాడు. వద్దని పిల్లవాడు ఫోనులో పసుపుపచ్చ బొటనవేలు నొక్కాడు. ఇది నవ్వులాట కాదు. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతుకు అవిసె గింజల కొనుగోలు ఒప్పందం ఫోనులో వస్తే, అతను బొటనవేలి బొమ్మ తిరిగి పంపాడు. అందిందని చెప్పానంతే అన్నాడు. ఒప్పుకున్నట్టేనని 2023లో కోర్టు తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది శామీర్‌పేటలోనే కాబట్టి, తాత వేలు ఒప్పుకోలా, రసీదా, నమస్కారమా అన్నది పిల్లలు వాదించుకోవచ్చు. గుంటలు మాత్రం అప్పటికి ఇంకెవరి బొటనవేలి కిందో ఉంటాయి.

1971లో రే టామ్లిన్‌సన్ పేరుకూ యంత్రానికీ మధ్య @ గుర్తు పెట్టినప్పటి నుంచి ఈమెయిల్‌కు ఒక యజమాని లేడు. జీమెయిల్ వాడు రెడిఫ్‌మెయిల్ వాడికి రాయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేడ్చల్ 501401 అని రాస్తే ఉత్తరం ఏ దొర గడప తొక్కకుండా చేరినట్టే. జీమెయిల్ ఏమీ పతివ్రత కాదు, ప్రకటనల కోసం ఉత్తరాలు వెతకడం ఆపుతామని 2017లో గానీ అనలేదు. కానీ అక్కడి నుంచి బయటికి దారి ఉంది. సోషల్ నెట్‌వర్క్‌లో ఇల్లూ దాన్ని నడిపేవాడిదే, వీధీ వాడిదే, వీధి చివరి గేటూ వాడిదే.

గేటు వేయడం వాళ్లకు తెలియని పనా? 2012 జూన్‌లో ఫేస్‌బుక్ ఒక్క మాటైనా అడగకుండా జనం ప్రొఫైళ్లలో కనబడే మెయిల్ అడ్రసు తీసేసి తన అడ్రసు తగిలించింది. కొందరి ఫోన్లలో దాచుకున్న అడ్రసులూ మారిపోయాయి. ఎక్కడికో పోవాల్సిన ఉత్తరాలు ఎవరూ తెరవని ‘అదర్’ ఫోల్డర్‌లో పడ్డాయి. 2014 ఫిబ్రవరిలో, పెద్దగా ఎవరూ వాడటం లేదంటూ దుకాణం కట్టేసింది. ట్విటర్ 2023 జులైలో ఎక్స్ అయినప్పుడు, 2007 నుంచి @x పేరు వాడుతున్న శాన్‌ఫ్రాన్సిస్కో ఫొటోగ్రాఫర్ దగ్గర ఆ పేరు లాగేసుకున్నారు. పైసా ఇవ్వలేదు. ఆ కబురు అతనికి పంపింది, గమనించండి, ఈమెయిల్‌లో. అంతకుముందు ఏడాది డిసెంబరులో, మస్క్‌కు నచ్చని విలేకరుల ఖాతాలు రాత్రికి రాత్రి మూసేశారు.

ఇప్పుడు వీళ్ల చేతికి ఉత్తరాల పెట్టె తాళం ఇవ్వాలట! తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చిన పిల్ల, ఆఫర్ లెటర్ కోసం రోజుకు ఇరవై సార్లు మెయిల్ తెరుస్తుంది. ఆ పిల్ల నెట్‌వర్క్ యజమాని మీద ఒక జోకు వేసినందుకు ఖాతా పోతే ఉద్యోగం, బ్యాంకు ఓటీపీ, కాలేజీ సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. ఏ సోమవారం, ఏ ప్రజావాణికి వెళ్లి మొరపెట్టుకోవాలి? పేరు గల్లంతైతే ఎన్నేళ్లు తిరగాలో మూడుచింతలపల్లిని అడగండి. ఇక్కడ కనీసం తిరగడానికి ఒక ఆఫీసుంది, తిట్టడానికి ఒక మనిషున్నాడు. అడగకుండా మనిషి పేరూ చిరునామా మార్చేయడాన్ని ఊళ్లో దొంగతనం అంటారు. వీళ్లు దాన్ని అప్‌డేట్ అంటున్నారు.

తాత ఫోను వెనక్కి ఇచ్చేసి, కాగితం మీదే రాయమన్నాడు. లోపల స్టాంపు వేసి ఇచ్చిన రసీదులో నంబరుంది, తేదీ ఉంది, విషయం కూడా ఉంది. నాలుగు మడతలు పెట్టి, పాసుబుక్కున్న ప్లాస్టిక్ కవర్లో దాచుకుని, ఊరికి బస్సు ఎన్నింటికని అడిగాడు.