ఒరయు రాతిమీద: ఒక ప్రొబేషన్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కడప సీమకు టీకలు కొత్త కాదు. సి.పి. బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని, తాటాకు ప్రతులు తెప్పించి, కావ్యాలకు పాఠాలు సరిచూపించి టీకలు రాయించాడు. జీతం దొర సొంత జేబులోంచి వచ్చేది కాబట్టి ఫైలు నడవాల్సిన అవసరం లేకపోయింది. ఈ టీక ఆ అదృష్టానికి నోచుకోని కొలువు గురించి.

2019 సెప్టెంబరు 1 నుంచి 8 వరకు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల కొలువులకు రాత పరీక్షలు జరిగాయి. లక్షా పాతిక వేలకు పైగా ఖాళీలు, ఇరవై ఒక్క లక్షలకు పైగా దరఖాస్తులు. గాంధీ జయంతి నాడు, అక్టోబరు 2న, సచివాలయాలు మొదలయ్యాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లోనూ వార్డుకింత మంది చేరారు. రెండేళ్లు ప్రొబేషన్, నెలకు 15,000 రూపాయలు. ఆ తర్వాతేమిటన్నదే ప్రస్తుత కావ్యవస్తువు.

టీక రాయాలంటే మూలం ఉండాలి. దొరకలేదు కాబట్టి పద్యం మేమే అల్లుకున్నాం. మూలకర్తే టీకాకారుడు కావడం దోషమంటారేమో. అర్జీ రాసిచ్చినవాడే దాని మీద నోట్ ఫైలు కూడా పెట్టడం ఆఫీసుల్లో చూసినవాళ్లకు ఇది దోషంగా తోచదు.

మూలం

రెండు వర్షములకు లెక్కలన్నియుఁ దీరి
శాఖ టెస్టు గెలిచి సంతకమయి
యొరయు రాతిమీద నుంచిన పసిడియై
నిలిచె గదర కొలువు నీకు నేడు

ఛందస్సు

ఆటవెలది. తేటగీతి ఎందుకు కాలేదంటే, ఈ వ్యవహారంలో తేటగా ఉన్నదేదీ లేదు గనుక. యతిస్థానాలు: రె-లె, శా-సం, యొ-ను, ని-నీ. మొదటి పాదంలో 'రెండు'కూ 'లెక్క'కూ పొత్తు కుదిరింది రలలకు భేదం లేదన్న వెసులుబాటు వల్ల. రెండేళ్లకూ లెక్కకూ పొత్తు పద్యంలో అయినా కుదిరినందుకు సంతోషించాలి. యతి అంటే విరామం. ఆటవెలదిలో అది పాదానికి ఒక్కటే. సర్వీసులో ఎన్నిచోట్ల ఆగాలన్నదానికి లక్షణగ్రంథం లేదు.

ప్రతిపదార్థం

రెండు వర్షములకు = రెండు సంవత్సరాలకు. వర్షమంటే వాన అని కూడా అర్థం. కడప జిల్లాలో ఆ అర్థం పట్టుకుంటే ప్రొబేషన్ ఎప్పటికి ముగిసేదో చెప్పలేం కాబట్టి సంవత్సరమనే తీసుకోవాలి.

ఇక్కడ పరిభాషా సూత్రం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు, 1996. అందులో 16వ నిబంధన. నేరుగా ఉద్యోగంలో చేరినవాడు ఎడతెగని మూడేళ్ల కాలంలో రెండేళ్లు డ్యూటీలో ఉండాలని దాని సారం. రెండేళ్లకు మూడేళ్ల గడువెందుకు? మనిషికి జ్వరం వస్తుంది, కాన్పు వస్తుంది, ఇంట్లో చావు వస్తుంది. సెలవు రోజులు డ్యూటీ కింద జమ కావు కాబట్టి, అవి పూడ్చుకోవడానికి సూత్రకారుడు దయతో ఒక ఏడు అదనంగా ఇచ్చాడు. ఉద్యోగికి ఇచ్చిన ఆ వెసులుబాటును ప్రభుత్వం తనకనుకుంది. 2021 అక్టోబరు 2కు రెండేళ్లు నిండినా, ఒక్క సెలవూ పెట్టనివాడు కూడా మూడో ఏట్లోకి నడిచాడు.

లెక్కలు + అన్నియున్ = హాజరు లెక్క, సెలవుల లెక్క, సర్టిఫికెట్ల తనిఖీ, పోలీసు విచారణ, సర్వీసు రిజిస్టరులో నమోదు. బహువచనం సాభిప్రాయం. వీటిలో ఒక్కటి వెనకబడితే తక్కినవన్నీ దాని కోసం కాచుకుంటాయి. పెండ్లి బస్సు లాగా.

తీరి = ముగిసి. అప్పు తీరడానికీ లెక్క తీరడానికీ తెలుగులో ఒకే ధాతువు ఉండడం గమనించదగ్గది. టీక చివర దీని పని ఉంది.

శాఖ టెస్టు = ఏపీపీఎస్సీ జరిపే శాఖాపరమైన పరీక్ష. మిశ్రసమాసం. లక్షల మందితో పోటీపడి ఒక పరీక్ష గెలిచినవాడికి, చేరినాక మళ్లీ పరీక్ష ఎందుకని శిష్యుడు అడిగితే గురువు పుట్టపర్తి నారాయణాచార్యుల వైపు చూపాలి. ప్రొద్దుటూరు తన మనిషిగా చెప్పుకునే ఆ మహాకవి చిన్నతనంలో రాసిన 'పెనుగొండ లక్ష్మి', తర్వాత ఆయనే కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమయింది. సొంత కావ్యం మీద తానే జవాబు రాయాల్సి వచ్చినవాడున్న సీమలో, రెండేళ్లుగా చేస్తున్న పని మీదే పరీక్ష రాయమనడం వింత కాదు.

సంతకము + అయి = పై అధికారి సంతకం పడి. 'సంతకం పెట్టి' అనలేదు, 'అయి' అన్నాడు. సంతకం ఎవరో పెట్టేది కాదు, వాన లాగా పడేది. అందుకే మనం 'సంతకం పడింది' అంటాం.

ఒరయు రాతిమీదన్ = ఒరగల్లు మీద. గీటురాయి, నికషం పర్యాయాలు. ప్రొద్దుటూరువాళ్లకు ఈ పాదానికి టీక అక్కర్లేదు. పసిడిపురి అని పేరున్న ఆ ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు: నల్లరాతి మీద నగను గీసి, పక్కన తెలిసిన బంగారంతో మరో గీటు గీసి, ద్రావకం చుక్క వేసి, రెంటి రంగూ పోల్చి చూస్తారు. ఇప్పుడు ఆ పనికి యంత్రాలొచ్చాయి. హాజరుకు బయోమెట్రిక్ వచ్చినట్టు.

ఉంచిన = పెట్టిన. 'మీద నుంచిన' అని కలిపి చదివితే 'మీదనుంచి' అన్న మాట లోపల వినపడుతుంది. మీదనుంచి ఆర్డరు రావాలన్న ధ్వని. కవి ఇది ఉద్దేశించలేదు. ఉద్యోగులు మాత్రం ఇదే విన్నారు.

పసిడి + ఐ = బంగారమై.

కొలువు = ఉద్యోగం. 'కొలుచు' నుంచి వచ్చింది. కొలుచు అంటే సేవించు. కొలత వేయు అని కూడా. ప్రొబేషన్ రెండర్థాలనూ కలిపింది. రెండేళ్లు సేవించాలి, ఆ సేవ పొడవు ఎంతో పైవాళ్లు కొలవాలి.

వ్యాకరణ విశేషం

'తీరి, గెలిచి, అయి' అన్నవి క్త్వార్థకాలు. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కడే ఉండాలని నియమం. ఇక్కడ చూడండి. తీరినవి లెక్కలు. అయినది సంతకం. నిలిచినది కొలువు. ఉద్యోగి కర్తగా ఉన్నది ఒక్క 'గెలిచి'లోనే. పద్యం మొత్తంలో అతని చేతిలో ఉన్న పని అదొక్కటే, అది అతను చేశాడు. తక్కిన క్రియలకు కర్తలు వేరే ఆఫీసుల్లో, వేరే కుర్చీల్లో ఉన్నారు.

ఇది దోషం కాదా? 'వాన కురిసి చేలు పండె' అన్నప్పుడు కర్తలు వేరైనా కార్యకారణ సంబంధం వల్ల చెల్లుతుందని వైయాకరణుల మాట. కాబట్టి ఇదీ చెల్లుతుంది. అయితే ఒప్పుకోవాల్సింది ఒకటి మిగులుతుంది: ఈ కొలువు మెట్టపైరు. కాపు దున్ని, విత్తి, కలుపు తీసినాక కూడా మొగులు వైపు చూడక తప్పదు.

అలంకారం

పసిడితో కొలువుకు అభేదం చెప్పడం వల్ల రూపకం. లాక్షణికుడు ఇంతటితో ఆగుతాడు. ప్రొద్దుటూరు అంగట్లో కూర్చున్నవాడు ఆగడు. గీటురాతి మీద గీసిన ప్రతిసారీ నగ నుంచి ఒక రవ్వ రాతికి అంటుకుంటుందనీ, అది మళ్లీ నగలోకి రాదనీ అతనికి తెలుసు. పరీక్షలో గెలిచిన బంగారం కూడా పరీక్షకు ముందున్నంత తూగదు. కవి 'పసిడియై' అన్నాడే గాని ఎంత పసిడి అనలేదు.

పాఠాంతరాలు

నాలుగో పాదం మూడూళ్లలో మూడు రకాలుగా వినపడుతుంది. పాఠాంతరాలు టీకాకారుడు కల్పించినవి కావు, కాలం కల్పించినవి.

పులివెందుల పాఠం: 'నిలుచు గదర.' 2022 జనవరి 7న, అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల శాసనసభ్యుడు వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి, జూన్ 30లోగా ప్రొబేషన్ ఖరారు చేసి జూలై నుంచి కొత్త జీతం ఇస్తామని ప్రకటించారు. అందుకే ఇక్కడ తద్ధర్మార్థకం. నిన్నా నేడూ రేపూ దానికి ఒకటే. మాట ఇచ్చేవాళ్లకు ఇంతకంటె అనువైన క్రియారూపం తెలుగులో లేదు.

జమ్మలమడుగు పాఠం: 'నిలిచెనటర.' నిలిచెను + అట + ర. అనుశ్రుతి పాఠం. ఉత్తర్వు పెన్నేటి లాంటిది. పైన వదిలారని కబురు ముందొస్తుంది, ఏట్లో ఇసుకే కనిపిస్తుంది. "యేం నాయనా, పర్మినెంటు అయిందంట గదా?" అని ఇంట్లో అడిగితే "అయిందంట మా, ఆర్డరు రాలా" అని జవాబు. ఈ 'అంట'లో గడిచిన కాలం చిన్నది కాదు. ఆ జనవరిలోనే ప్రొబేషన్ ఆలస్యంపై రాష్ట్రమంతటా సచివాలయ ఉద్యోగులు ఆందోళనకు దిగారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికొచ్చారు. పూర్వం అలిగినవాళ్లు కోపగృహంలోకి వెళ్లేవారు. ఇప్పుడు గ్రూపులోంచి వెళ్తారు. అర్థభేదం లేదు.

ప్రొద్దుటూరు పాఠం: 'నిలిచె గదర.' భూతకాలం. 2022 జూన్ 25న ఉత్తర్వు వెలువడింది. చెప్పిన గడువుకు ఐదు రోజులు ముందే. టీకాకారుడు ఎవరి పక్షమూ కాడు కాబట్టి ఆ ఐదు రోజులనూ ఒప్పుకుంటున్నాడు. సరుకు చేతిలో పడితే గాని 'వచ్చింది' అనని ఊరు గనుక ఈ పాఠమే ప్రామాణికం.

ఆక్షేపం, సమాధానం

పూర్వపక్షి: రెండేళ్లు నిండిన మరునాడే కొలువు తనంతట తానే ఖాయం కాదా? నెలలు నిండితే కాన్పుకు ఉత్తర్వు కావాలా?

సిద్ధాంతి: కాదు. ఉత్తర్వు రాకుండా పని సాగుతూ ఉంటే ప్రొబేషన్ సాగుతున్నట్టేనని సామాన్య న్యాయం.

పూర్వపక్షి: అయితే 1968లో సుప్రీంకోర్టు ధరమ్ సింగ్ కేసులో పంజాబ్ ఉపాధ్యాయుడి పక్షాన తీర్పు చెప్పింది కదా?

సిద్ధాంతి: అక్కడి నిబంధన ప్రొబేషన్ మూడేళ్లకు మించరాదని కట్టె విరిచినట్టు చెప్పింది. గడువు దాటినాక కూడా పనిలో ఉంచుకున్నారు కాబట్టి ఖాయం చేసినట్టేనని కోర్టు అన్నది. అది అపవాదం. గడువును దాటరాదని సూత్రమే అడ్డుగీత గీస్తే ఆ మార్గం, లేదంటే ఉత్తర్వు మార్గం.

పూర్వపక్షి: మరి ప్రభుత్వం ఆలస్యం చేస్తే దాని ప్రొబేషన్ ఎవరు పొడిగిస్తారు?

ఇక్కడ సిద్ధాంతి గ్రంథం మూసి, నీళ్లు తాగడానికి లేచాడు.

తాత్పర్యం

ఓ వార్డు సచివాలయ ఉద్యోగీ! సెలవుల లెక్కలు తేలి, శాఖ పరీక్ష గట్టెక్కి, సంతకం పడి, గీటురాతి మీద నెగ్గిన బంగారమై నీ కొలువు నిలిచింది. 2022 జూలై నుంచి నీకు స్కేలు. వార్డు అడ్మినిస్ట్రేటివ్ కార్యదర్శివైతే 23,120 నుంచి 74,770 దాకా, తక్కిన కార్యదర్శివైతే 22,460 నుంచి 72,810 దాకా.

రాతికి అంటుకున్న రవ్వ ఎంతో కూడా తాత్పర్యంలోనే చెప్పాలి. 2021 అక్టోబరు నుంచి 2022 జూన్ వరకు తొమ్మిది నెలలు. తక్కిన కార్యదర్శుల కొత్త మూలవేతనానికీ పాత పదిహేను వేలకూ తేడా నెలకు 7,460. తొమ్మిది నెలలకు 67,140. ఇది కంసాలి ఉజ్జాయింపు లెక్క. కరువు భత్యమూ ఇంటి అద్దె భత్యమూ ఇందులో లేవు. నగ చేయించుకుంటే తరుగు ఎంతో షాపువాడు బిల్లులో రాసి చూపిస్తాడు. ప్రొబేషన్ ఉత్తర్వులో ఆ గడి ఉండదు.

విశేషార్థం

'నీకు' అన్నాడు కవి. నిజానికి కొలువు ఒక్కరికే నిలవలేదు. ఈ సీమలో కోచింగ్ ఫీజు అంటే చాలా ఇళ్లలో అమ్మ మెడలోని గొలుసు. కుదువ అంగట్లో దాన్ని మొదట గీటురాతి మీద గీస్తారు, తర్వాత తూస్తారు, తర్వాత డబ్బిస్తారు. కాబట్టి మూడో పాదంలోని పసిడి కొలువుకు రూపకం కాకముందే నిజం పసిడి. కొడుకు ప్రొబేషన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ గొలుసు కూడా అంగడి బీరువాలో ప్రొబేషన్‌లోనే ఉంది, పైగా నెలనెలా వడ్డీ తింటూ. మొదటి పాదంలో 'తీరి' అన్న క్రియకు అసలు కర్త ఏమిటో ఇక్కడికి గాని తెలియదు. సర్వీసు రిజిస్టరు లెక్కలతో పాటు ఈ లెక్క కూడా తీరాలి.

'నేడు' అంటే ఏ నాడు? ఉత్తర్వు తేదీనా, జూలై ఒకటా, మొదటి స్కేలు జీతం ఖాతాలో పడిన నాడా? టీకాకారుడి మతంలో ఈ మూడూ కాదు. కుదువ విడిపించిన నాడు. ఆ రోజు అంగట్లో గొలుసును మళ్లీ గీటురాతి మీద పెట్టరు. అది బంగారమని ఎప్పుడో తేలిపోయింది. కాగితంలో చుట్టి చేతికిస్తారు. అమ్మ మాత్రం దాన్ని అక్కడే విప్పి, తక్కెడ వైపు చెయ్యి చూపించి, "ఒకసారి తూయి నాయనా" అంటుంది.