తెనాలి ఎండలో సోలన్ కలలు

తెనాలిలో పుట్టగొడుగులు పెంచుదామనుకున్న మనిషికి ముందుగా దొరికేది ఫోన్లో వీడియో. అందులో హిమాచల్‌ప్రదేశ్ సోలన్ రైతు బుట్టలకు బుట్టలు తెల్లటి బటన్ పుట్టగొడుగులు కోస్తుంటాడు. 1997లోనే ‘పుట్టగొడుగుల నగరం’ అనిపించుకున్న ఊరది. ఆయన ఒంటిమీద స్వెట్టరుంటుంది. చూసేవాడి బనీను చెమటకు తడిసి ఉంటుంది గానీ, ఆ స్వెట్టరు మాత్రం కంటపడదు.

బటన్‌గారిది కొత్తల్లుడి వరస. విత్తనం కంపోస్టులో అల్లుకునేటప్పుడు 22–25 డిగ్రీలు, మొగ్గ తొడిగే వేళకు 14–18. అటూ ఇటూ అయితే అలక. వెలుగు మాత్రం అడగడు, చీకట్లోనే కాసేస్తాడు. మే నెలలో ఎండ నలభై దాటాక ఆ గదికి ఏసీ పెట్టిద్దామన్న మాట ఎత్తితే ఇంట్లో వచ్చే జవాబు ఒక్కటే: “ఏమండీ, ఇన్నేళ్లుగా నాకు లేని ఏసీ పుట్టగొడుగులకా?”

దాంతో బేరం ముత్యపు చిప్ప రకానికి దిగుతుంది. దానికి 20–30 డిగ్రీలు చాలు, డెల్టా చలికాలం చక్కగా సరిపోతుంది. ఉడకబెట్టి ఆరబెట్టిన వరిగడ్డి ముక్కలు, విత్తనం పొరలు పొరలుగా సంచుల్లో నింపి చీకటి గదిలో వేలాడదీస్తారు. రెండు మూడు వారాల్లో గడ్డంతా తెల్లగా అల్లుకుపోతుంది. అసలు తకరారు ఇక్కడే. చీకటి కలిసొచ్చింది కదా అని కొందరు ఆ తలుపు ఇక తెరవనే తెరవరు. మొగ్గ రావాలంటే పేపరు చదువుకోగలిగినంత వెలుతురు రోజూ కొన్ని గంటలుండాలి, గాలి ఆడాలి. పుట్టగొడుగులో పత్రహరితం లేదు కాబట్టి వెలుగు దానికి తిండి కాదు, బయటపడ్డామన్న కబురు. అది అందకపోతే కాడ సాగిపోతుంది, గొడుగు చిన్నబోతుంది.

ఇంత హైరానా దేనికో! వరిగడ్డి పుట్టగొడుగని ఒకటుంది. మనం తిట్టుకునే ఉక్కపోతే దానికి ప్రాణం. 30–35 డిగ్రీల్లో, తేమలో హాయిగా పెరుగుతుంది. బాపట్ల, రేపల్లె వైపు గడ్డివాములకు కొదవా? అడిగి తెలుసుకుందామంటే బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉంది. కాకపోతే సోలన్ ఫోన్లోనే ఉంది, బాపట్లకు బస్సెక్కాలి.

దీనికీ ఓ తిక్కుంది, అదీ తిరగేసిన తిక్క. మిగిలాయని ఫ్రిజ్‌లో పెడితే 4 డిగ్రీల చలికి నీరుగారి ముద్దయిపోతుంది. గుడ్డు ఆకారంలో ఉండగానే కోయాలి. కాసేపు ఆదమరిస్తే గొడుగు విచ్చుకుంటుంది, ధర ముడుచుకుంటుంది. అమ్ముడుపోనివి ఆ పూటే ఇగురైపోవాలి.