టికీకి టీకా

అవతారిక

వ్యాఖ్య రాయాలంటే ముందు మూలం ఉండాలి. హోటళ్ల మీద పూర్వకవులు కావ్యాలు వదిలిపోలేదు. అందుకని టీకాకారుడే ఒక ఆటవెలది కట్టుకుని, దానికి తానే టీక రాసుకుంటున్నాడు. ఇందులో దోషం లేదు. ప్రశ్న తామే వేసి, జవాబు తామే చెప్పి, ఎదుటివాడు ఓడిపోయాడని ప్రకటించుకున్న భాష్యకారులు మనకు కొత్త కాదు. వస్తువు: అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, ఫోర్ట్ లాడర్‌డేల్ ఊళ్లో థార్న్‌టన్ అన్నదమ్ములు పెట్టిన మై-కై అనే భోజనశాల. వ్యాఖ్యాస్థలం: పల్నాడు జిల్లా, నాగులేటి ఒడ్డున కారంపూడి. ఈ రెంటికీ ఏం పొత్తని తొందరపడేవారు నాలుగో పాదం దాకా ఓపిక పట్టాలి.

మూలం

వేష మరువుఁ దెచ్చి వేడుక సేసిన
వాన గొట్ట మెక్కి వచ్చుఁ గాక
చేయి సొంత మైన చేటేమి యింటికి
చాప చాలుఁ గూడు చవులు వుట్టు

ప్రతిపదార్థం

వేషము = టికీ వేషం. టికీ మావోరీల పురాణాల్లో తొలి మనిషి. పసిఫిక్ దీవుల్లో చెక్కే కొయ్య విగ్రహాలకూ, రాతి విగ్రహాలకూ అదే పేరు. అమెరికావాళ్లు ఆ విగ్రహాన్ని హోటలు గుమ్మంలో నిలబెట్టి, చుట్టూ వెదురు గోడలు, పైన ఆకుల కప్పు, లోపల మసక దీపాలు, బల్ల మీద రమ్ము కలిపిన పళ్లరసం పెట్టి, మొత్తానికి టికీ అని పేరు పెట్టేశారు.

అరువుఁ దెచ్చి = అడక్కుండా తెచ్చి. తెచ్చినవాడు ఎర్నెస్ట్ గాంట్. అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరులో ఎత్తేశారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆయన హాలీవుడ్‌లో చిన్న బారు తెరిచాడు. అదే డాన్ ద బీచ్‌కూంబర్. తర్వాత తన పేరే డాన్ బీచ్‌గా మార్చుకున్నాడు. వేషం పసిఫిక్‌ది, రమ్ము కరీబియన్‌ది, వంట కాంటన్ చైనాది, ఓనరు అమెరికావాడు. ఒక్క బల్ల మీద ఇన్ని సముద్రాలు కలిసినా అజీర్తి చేయకపోవడం ఆ కాలపు విశేషం. ఆపై పసిఫిక్‌లో యుద్ధం చేసి వచ్చిన సైనికుల కబుర్లు తోడయ్యాయి. 1947లో మిచెనర్ అనే రచయిత దీవుల కథలు అచ్చయ్యాయి. అదే ఏడు హెయర్‌డాల్ అనే సాహసికుడు కోన్-టికీ అనే తెప్ప మీద పసిఫిక్ దాటాడు. 1959లో హవాయి రాష్ట్రమైంది. గిరాకీకి ఇంతకన్నా ఏం కావాలి?

వేడుక సేసిన = కొలువు తీర్చినప్పటికీ. 1956 డిసెంబరు 28న బాబ్, జాక్ అనే థార్న్‌టన్ సోదరులు మై-కై తలుపులు తీశారు. చికాగోలో డాన్ బీచ్‌కూంబర్ శాఖను చూసి మోజుపడ్డవాళ్లు వీళ్లు. మోజుపడి ఊరుకోలేదు. అక్కడి మనుషుల్నే ఒప్పించి తెచ్చుకున్నారు. అంటే అరువు తెచ్చిన ఇంటినుంచి మళ్లీ అరువు. లాక్షణికులు దీనికి ఇంకా పేరు పెట్టలేదు.

వాన = వర్షము; గొట్టమెక్కి = పైపు ద్వారా పైకి పోయి; వచ్చుఁ గాక = వస్తే రానీ. డాన్ బీచ్ తన బారు రేకుల కప్పు మీద నీళ్లు చిమ్మించేవాడని చెబుతారు. చినుకుల చప్పుడు విని, బయట వాన పడుతోందనుకుని, కూర్చున్నవాళ్లు ఇంకో గ్లాసు చెప్పేవారు. మేఘుణ్ణి రాయబారం పంపిన కవి మనకున్నాడు గానీ, మేఘుడి చేత బిల్లు పెంచినవాడు ఈయనే.

చేయి = కలిపే చేయి. ఇది మరియానో లికుడిన్‌ది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. డాన్ బీచ్ కౌంటరు వెనక ఏళ్ల తరబడి పానీయాలు కలిపి, మై-కై తెరిచిన నాటి నుంచి రెండు దశాబ్దాలకు పైగా అక్కడే కలిపాడు. టికీ బారుల్లో ముందు నిలిచిన పేరు తెల్లదొరది. వెనక చేతులు చాలావరకు ఫిలిప్పీన్స్ వాళ్లవి.

చాప చాలు = ఈ పదం దగ్గర టీకాకారుడికి ఊరి మీద ప్రేమ పొంగుకొస్తోంది. కిందికి వాయిదా.

తాత్పర్యం

వేషం పరాయిదైనా, వాన దొంగదైనా, వండి వడ్డించే చేయి నిజమైనదైతే ఆ ఇల్లు నిలుస్తుంది. నిజానికి తిండి రుచించడానికి ఒక్క చాప చాలునని భావము.

విశేషములు

1. పాఠపరిష్కారం. డాన్ బీచ్ తన సీసాల మీద పేర్లు రాయించేవాడు కాదు. నంబర్లూ గుర్తులూ మాత్రమే. కలిపేవాడికి రెండో నంబరు సీసా ఎన్ని చుక్కలో తెలుసు, అందులో ఏముందో తెలియదు. పోటీవాడు మనిషిని లాక్కుపోయినా రహస్యం పోదని ఎత్తు. కొన్ని దశాబ్దాల తర్వాత జెఫ్ బెర్రీ అనే పరిశోధకుడు జోంబీ అనే పానీయం అసలు పాఠం కోసం బయల్దేరాడు. ఆయనకు దొరికిన ప్రతి, డాన్ దగ్గర పనిచేసిన డిక్ శాంటియాగో 1937 నాటి జేబు పుస్తకం. తీరా చూస్తే అందులోనూ ‘డాన్స్ మిక్స్’ అన్న సంకేతమే. చివరికి విప్పితే అది గ్రేప్‌ఫ్రూట్ రసం రెండు పాళ్లు, దాల్చినచెక్క పాకం ఒక పాలు. తాళపత్రాలు పరిష్కరించిన పండితులకు ఈ బాధ తెలుసు: ఏళ్ల తరబడి వెతికిన గూఢార్థం వంటింటి పోపుల డబ్బాలో దొరుకుతుంది.

2. కోడలి ప్రవేశం. మై-కైలో దీవుల నాట్యాలు ఆడించేవారు. ఆ నాట్యాలను తీర్చిదిద్దింది తాహితీ నుంచి వచ్చిన మిరేయ్. ఆమె బాబ్ థార్న్‌టన్‌ను పెళ్లాడింది. అరువు వేషంతో నడుస్తున్న ఇంటికి ఆ వేషం పుట్టింటిదైన మనిషి కోడలిగా వచ్చింది. 1989లో బాబ్ పోయాక కూడా ఆ కుటుంబం హోటలు వదల్లేదు.

3. నిజం వాన. 2020 అక్టోబరులో గట్టి వాన కురిసింది, పైపు పగిలింది, వంటశాల కప్పు కూలింది. హోటలు మూతపడింది. టికీ పుట్టిన ఇంట వాన గొట్టంలోంచి వచ్చి గల్లా నింపితే, పెరిగిన ఇంట నిజంగానే వచ్చి తాళం వేయించింది. 2021లో కుటుంబం కొత్త భాగస్వాములను కలుపుకుంది. 2024 నవంబరులో మై-కై మళ్లీ తెరుచుకుంది.

ఆక్షేపణ – సమాధానం

ఆక్షేపణ: చేయి సొంతమైతే ఇంటికి చేటు లేదన్నావు. కప్పు కూలింది కదా?

సమాధానం: కప్పు వేషంలో చేరుతుంది, చేతిలో చేరదు. కౌంటరు దగ్గర జనం అడిగేది చేయి కలిపిన పానీయాన్ని. కప్పు రుచి ఎలా ఉందని ఎవరూ అడగరు.

ఆక్షేపణ: రమ్ము కొట్టు చరిత్రకూ కారంపూడికీ ఏమిటి సంబంధం? ఇక్కడి తిండి సంగతి శ్రీనాథుడే తేల్చేశాడు కదా?

సమాధానం: పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుడి పేరిట చాటువులున్న మాట నిజమే. మా భోజనానికి దొరికిన తొలి రివ్యూ అది, ఒక్క నక్షత్రం. అయితే పల్నాటి వీరచరిత్ర రాసినవాడూ ఆయనే. కూడు నచ్చని ఊరి కథ ఆయనకు నచ్చింది. 12వ శతాబ్దంలో పలనాటి యుద్ధం జరిగిన నేల ఇది. ఆ యుద్ధంలో మాచర్ల పక్షాన నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన భోజనం చాపకూడు. ఆయన పక్కన నిలిచిన సేనాని కన్నమదాసు మాలవాడు. నేటికీ కార్తీక అమావాస్యకు వీరుల గుడి దగ్గర ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. మూలంలో ‘చాప’, ‘కూడు’ ఒకే పాదంలో పడింది ఇందుకే.

ఆక్షేపణ: అలాగైతే ఈ వేషంతో కారంపూడిలో ఒక హోటలు పెట్టొచ్చు కదా? గోడకు కత్తులు, ద్వారం దగ్గర పలనాటి యుద్ధవీరుడు బాలచంద్రుడి బొమ్మ, మెనూలో చాపకూడు థాలీ?

సమాధానం: పెట్టొచ్చు. ఎడ్లబండి చక్రమూ లాంతరూ వేలాడదీసిన పల్లెటూరి హోటళ్లు హైవేల మీద ఉన్నాయి. ఊచల వెనక కూర్చోబెట్టి మండీ బిర్యానీ తినిపించే జైలు హోటళ్లూ, బొమ్మ రైలు ఇడ్లీ ప్లేటు మోసుకొచ్చే హోటళ్లూ ఉన్నాయి. వాటి పక్కన ఇదీ నడుస్తుంది. కాని ఏసీ గదిలో థాలీ ఒక ధర, నాన్ ఏసీలో ఒక ధర, ఫ్యామిలీ సెక్షనుకు వేరే తలుపు అన్న క్షణాన చాప మిగులుతుంది, చాపకూడు పోతుంది. చాపను అంగట్లో కొనొచ్చు. పంక్తిలో పక్కవాడికి చోటివ్వడం కొనడానికి దొరకదు. థార్న్‌టన్‌ల ఇంట లికుడిన్ చేయి ఎలాంటిదో ఇక్కడ ఆ పంక్తి అలాంటిది. అది ఉంటే గోడకు కత్తి లేకపోయినా నష్టం లేదు. అది లేనప్పుడు బాలచంద్రుణ్ణి నిలువెత్తున పోత పోయించినా, ఆ బొమ్మ కొయ్య టికీకి తమ్ముడే.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారికి హోటల్లో వెంటనే టేబులు దొరుకును. విన్నవారికి రెండోసారి సాంబారు అడగకుండానే వచ్చును. పక్కన కూర్చున్నవాడి ఇంటిపేరు అడగకుండా పప్పు గిన్నె జరిపినవారికి తాత్పర్యం పూర్తిగా బోధపడినట్టే. అడిగినవాడికి ఎన్ని టీకలు రాసినా కాగితం దండగ.