రీలు బావ

మా బావ రీలు కొన్నాడు. ఈ కబురు అత్తయ్యకు వేరేగా అందింది. "ఈ వయసులో రీల్సేమిట్రా వీడికి, డాన్సు కూడా వేస్తాడా?" అని రెండు రోజులు బెంగపడింది. డాన్సయితే చూసి నవ్వుకునేవాళ్లం. ఇది స్కూబా డైవింగ్ రీలు. నీటి అడుగున దారి తప్పకుండా విప్పుకుంటూ వెళ్లి, చుట్టుకుంటూ తిరిగొచ్చే నైలాన్ దారపు చక్రం.

బావ ఇప్పటిదాకా చేసిన డైవులు నాలుగు. నాలుగూ అండమాన్ హేవ్‌లాక్‌లో, శిక్షకుడి తోక పట్టుకునే. జేబులో ఉన్న డైవింగ్ అర్హత కార్డు 18 మీటర్ల లోతుకు. కొన్న దారం 120 మీటర్లు.

"అంత దేనికి బావా?"

"రేపు ఫ్లోరిడా గుహల్లో దిగాల్సొస్తే?"

బొర్రా గుహల్లో సగం మెట్లు దిగి, ఆయాసమని వెనక్కొచ్చిన మనిషి!

నిజానికి మామూలు సముద్రపు డైవుకు 30 మీటర్ల చిన్న స్పూలు చాలు. పిడి ఉండదు, మర ఉండదు, ఇరుక్కోవడానికి ఏమీ ఉండదు. అది బావ కంటికి ఆనలేదు. కెమెరా కొని, లెన్సులు కొని, వాటికో సంచీ కొని, చివరికి పెళ్లి ఫొటోలు ఫోనుతో తీసే జాతి ఆయనది.

సిద్ధాంతంలో మాత్రం తిరుగులేదు. భోజనాల బంతిలో కూడా చెబుతాడు: "పైనున్న పడవకు మన జాడ తెలియాలంటే పొట్లకాయలాంటి నారింజ రంగు బుడగను రీలు దారానికి కట్టి, గాలి నింపి వదలాలి. అప్పుడు రీలు ఒంటికి తగిలించుకోకూడదు. దారం ఇరుక్కుంటే బుడగ మననీ ఈడ్చుకుపోతుంది. అంత వేగంగా తేలితే ఊపిరితిత్తులకే ముప్పు. ఇరుక్కుందా, రీలు వదిలెయ్యడమే."

"అంత డబ్బు పోసి కొన్నది వదిలేస్తావా?" అంది అత్తయ్య, పప్పు వడ్డిస్తూ. బావ ముద్ద గొంతులో ఆగింది.

నీళ్లలోకి దిగేముందు నేల మీద సాధన చెయ్యాలి. ఇదీ నిజమే. ఆదివారం పొద్దున విశాఖలోని మా అపార్ట్‌మెంటు పార్కులో బెంచీకి మొదటి ముడి, దీపస్తంభానికి రెండో ముడి వేసి, కళ్లు మూసుకుని బయల్దేరాడు. దారం బిగువుగా ఉంచాలన్న ఒక్క సంగతీ మరిచాడు. బాదం చెట్టు, పిల్లల జారుడుబల్ల, వాకింగుకొచ్చిన అత్తయ్య వరసగా చుట్టుకుపోయారు.

"కదలకమ్మా, నువ్విప్పుడు బండరాయివి!"

రీలు నిండా గిజిగాడి గూడు. గంటసేపు పీకి, ఇంకా బిగించాడు. చివరికి వాచ్‌మన్ తాత వచ్చాడు. భీమిలి దగ్గర వలలు లాగిన చేతులవి. "వొదులుగా ఒగ్గేత్తే సిక్కు పడిపోద్ది బాబూ," అంటూ చూపుడువేలితో దారాన్ని ఒత్తిపట్టి, రెండో చేత్తో చుట్టి పది నిమిషాల్లో అప్పగించాడు.

రీలు ఇప్పుడు బీరువాలో ఉంది. బావ పెద్ద లైటు కోసం వెతుకుతున్నాడు. అయిదో డైవుకు టిక్కెట్లు ఇంకా కొనలేదు.