రెండు నాలుకల పెట్టె

నేను పుట్టింది హైదరాబాదు ఈసీఐఎల్‌లో. తెలంగాణలోని ఈ ఊరికి 1975 వానాకాలంలో వచ్చాను. నన్ను బడి వరండాలో కూర్చోబెట్టి, కోళ్ల గూటికి కొట్టే జాలీతో అల్లిన పదడుగుల గొడుగును ఆకాశానికి తిప్పి నిలబెట్టారు. దానితో అమెరికావాళ్ల ఉపగ్రహం మాట పట్టుకోవచ్చంటే ఊరంతా నవ్వింది. ఆగస్టు 1న నేను పలికాను.

ఆ పథకం పేరు సైట్. నాసా నుంచి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో నాలాంటి పెట్టెలు పెట్టారు. ఒకే బొమ్మ వెంట రెండు భాషల మాటలు పంపే వీలు ఆ ఉపగ్రహానికి ఉండేది. అంటే పుట్టుకతోనే నావి రెండు నాలుకలు!

మొదట్లో నా మాటకు మంచి గిరాకీ. వరికి పట్టే పురుగు, పశువుల జబ్బులు, పసిపిల్లల తిండి... ఏం చెప్పినా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. నా మాట విని ఒకాయన బావి పక్కనున్న పెంటకుప్పను ఊరవతలికి మార్చాడు. గొప్ప చెప్పుకోవడానికి నా బతుకులో ఉన్నది అదొక్కటే.

రోజూ సాయంత్రం ఒక అరగంట దేశమంతటికీ ఉమ్మడి కార్యక్రమం, వార్తలతో సహా, హిందీలో వచ్చేది. అది మొదలవగానే జనం బీడీలకు లేచేవాళ్లు. నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్న ముసలి పటేలు కదిలేవాడు కాదు. అతని పక్కన, హిందీ ఒక్క ముక్క రాని ఒక తల్లి కూర్చునేది. పట్నంలో కాలేజీ చదివే ఆమె కొడుకును ఎమర్జెన్సీ మొదట్లోనే పోలీసులు పట్టుకుపోయారు.

"పటేలా, మావోని ముచ్చట చెప్పిండ్రా?"

"లేదు చెల్లె. ఇరవై సూత్రాలు చెప్తున్నరు."

రేపు చెప్తారేమోనని మర్నాడు మళ్లీ వచ్చేది. దసరా దాకా అడిగింది. సంక్రాంతి నాటికి రావడమే మానేసింది. పటేలు ఇంట్లో రాత్రిళ్లు సన్నగా బీబీసీ పలికేదట. అక్కడికి పోయి కూర్చునేదని విన్నాను.

ఆ సెప్టెంబరులో ఢిల్లీలో ఆకాశవాణి కేంద్రాల డైరెక్టర్లు సమావేశమైతే, అది ప్రభుత్వ సంస్థ, అలాగే ఉంటుందని ప్రధాని తేల్చి చెప్పారు. టీవీ అప్పటికింకా ఆకాశవాణిలో భాగమే. విడిపోయి దూరదర్శన్ అయింది 1976 ఏప్రిల్ 1న. నేను చెప్పే వార్తల్లో తేడా ఏమీ రాలేదు.

నన్ను కుంగదీసింది మాత్రం వార్తలు కాదు. ఆ తల్లి జొన్న చేనులో పురుగు పడింది. పక్క చేనాయన మందు పేరు చెప్పాడు. నేను చెప్పిన మందే, మంచి మందే. "గా పెట్టె జెప్పిందా? అయితే నాకొద్దు" అందట. పురుగు గురించి నేను అబద్ధమాడలేదు. ఆడలేదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

గుజరాత్‌లో ఖేడా జిల్లా పెట్టెల సంగతి విన్నప్పుడు కుళ్లుకున్నాను. అక్కడి పిజ్ ప్రసార కేంద్రం నుంచి వచ్చే కార్యక్రమాల్లో కూలి గురించి, అంటరానితనం గురించి ఊరివాళ్లే మాట్లాడేవాళ్లట. నాకు మాట్లాడటమే గాని, అడిగించుకునే యోగం లేదు.

1976 జూలై 31తో అరువు తీరింది. నన్ను బడి సామాన్ల గదిలో పడేశారు. దుమ్ము పడకుండా నా మీద పాత పేపర్లు కప్పేవాళ్లు. స్వయంప్రతిపత్తి కావాలని 1978లో వర్గీస్ కమిటీ చెప్పిందనీ, ఆకాశతరంగాలు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు అన్నదనీ, 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997కు గాని అమల్లోకి రాలేదనీ ఆ పేపర్లలోనే చూశాను. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన జస్టిస్ జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. జీతం, బడ్జెటు ఢిల్లీ నుంచే వస్తున్నంతకాలం చట్టంలో రాసుకున్న స్వేచ్ఛ ఎంతవరకు నిలుస్తుందో నాకు అనుమానమే.

వాటన్నిటికంటే ముందే, 1977 ఎండాకాలంలో, ఆ తల్లి కొడుకు ఇంటికొచ్చాడు. బెంచీల కోసం సామాన్ల గది తలుపు తీశాడు. వెనకే తల్లి.

"గిదేనానే, నువ్వు రోజూ చూసిన పెట్టె?"

ఆమె జవాబు చెప్పలేదు. అతడు నా అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అన్నట్టు కాసేపు చూసి, బెంచీ భుజానికెత్తుకున్నాడు.