చాయ్‌కీ మీటరే!

నీళ్లలో మీటరు ముంచి, అంకె చూపించి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించే ఆ రీలు మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. రాకపోతే మీరు పుణ్యాత్ములు. నేను టీ తాగుతానని తెలిసిన పాపానికి నాకు రోజూ ఎవరో ఒకరు పంపిస్తూనే ఉన్నారు. పంపి ఊరుకుంటారా, సాయంత్రం ఫోన్ చేసి ‘మీ ఇంట్లో ఎంతుందో చూపించుకున్నావా?’ అని అడుగుతారు, షుగరు పరీక్ష సంగతి అడిగినట్టు.

మా తోడల్లుడైతే ఏకంగా మీటరు కొని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. మొన్నొక పెళ్లిలో బంతిలో కూర్చుని, వడ్డించిన మంచినీళ్ల గ్లాసులో దాన్ని ముంచి, ‘నాలుగొందల అరవై’ అని గట్టిగా ప్రకటించాడు. పక్కనున్న పెద్దాయన పెళ్లికొడుక్కి రాసిచ్చిన ప్లాటు సంగతేమో అనుకుని ‘గజాలా బాబూ?’ అన్నాడు.

నిజమే, మనం ఇంతకాలం చీకట్లో బతికాం. కుళాయి కింద గిన్నె పెట్టడం, పొయ్యెక్కించడం, పొడి వేయడం, పొంగొస్తే దించడం తప్ప మనకి మరోటి తెలియదు. ఇందులో కాల్షియం ఎంత, బైకార్బనేట్ ఎంత అని ఒక్క అమ్మమ్మ కూడా అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక చాయ్ కేఫ్ కుర్రాళ్లు వచ్చి కళ్లు తెరిపించారు. వాళ్ల శాస్త్రం ప్రకారం నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన లవణాల లెక్క మిల్లీగ్రాముల్లో, 120 దగ్గర ఉండాలి, 92 డిగ్రీల దగ్గర పొడికి నీళ్లు తగలాలి, మూడు నిమిషాల ఇరవై సెకన్లకి వడకట్టాలి. ఇంత నిష్ఠగా దించిన డికాషన్‌లో చివరికి ఏం చేస్తారంటే, సగానికి సగం గేదె పాలు పోస్తారు.

నా గొడవంతా ఆ పాల దగ్గరే.

పాలు పోయకుండా తాగే టీకి నీళ్లు ముఖ్యమే. డార్జిలింగ్ ఆకుని ఉప్పు నీళ్లలో నానబెడితే కప్పు మీద జిడ్డులాంటి తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది, వాసన అణిగిపోతుంది. ఆ తెట్టు నూనె కాదు. నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్లు టీలోని పదార్థాలతో కలిసి గాలి తగిలిన చోట కట్టే పొర. ఇంగ్లండులో సున్నపురాయి నేలలున్న ఊళ్లలో ఈ బాధ ఎక్కువ. అందుకే యార్క్‌షైర్ టీ వాళ్లు అలాంటి నీళ్ల కోసం ప్రత్యేకంగా ఒక ప్యాకెట్టే అమ్ముతారు. పాలు లేకుండా, చక్కెర లేకుండా టీ తాగేవాళ్లు నీళ్ల గురించి వాదించుకుంటే నాకు అభ్యంతరం లేదు. వాళ్లు వేరే మతం.

కానీ మనం తాగేది పాల టీ. లీటరు పాలలో ఖనిజ లవణాలు సుమారు 7 గ్రాములు, అంటే 7000 మిల్లీగ్రాములు. కాగితం, పెన్సిలు తీసుకుని ఒక్కసారి లెక్క వేయండి. 150 మిల్లీలీటర్ల కప్పులో సగం పాలు. ఆ 75 మిల్లీలీటర్ల పాలతో వచ్చేవి 500 మిల్లీగ్రాములకు పైనే. మిగతా సగం, 120 టీడీఎస్‌కి తెచ్చిన ఆ దివ్యజలం. దానితో వచ్చేవి 9 మిల్లీగ్రాములు. పోనీ బోరు నీళ్లే పోశారనుకుందాం, టీడీఎస్ 400 అనుకుందాం. అప్పుడు 30. ఐదొందల పైచిలుకు లవణాలు కలిసిన కప్పులో తొమ్మిదా, ముప్ఫయ్యా అని మీటరు పెట్టి కొలిచి, గోడ మీద రాసి, దాన్ని రుచి రహస్యం అంటున్నారు. అదే మీటరు పాలలో ముంచి చూడండి, నాలుగంకెలు చూపిస్తుంది. పాలల్లో ముంచిన రీలు మాత్రం ఇంతవరకూ నా కంటపడలేదు.

ఈ లెక్క ఆ కేఫ్‌లో కుర్రాడికి చెప్పాను. చాలా ఓపికగా విన్నాడు. ‘సార్, అది మిల్క్ టీడీఎస్ సార్. మేం చెప్పేది వాటర్ టీడీఎస్’ అన్నాడు. కప్పులోకి వెళ్లాక రెండూ వేరు కాపురాలు పెట్టుకుంటాయి కాబోలు.

పాలు పోయగానే జరిగేది ఇంకొకటుంది. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీను టీలోని వగరుని పట్టేస్తుంది. నాలుక మీద అంత కరుకుగా తగలకుండా చేసేది అదే. ఆ పైన రెండు చెంచాల చక్కెర, దంచిన అల్లం, యాలక్కాయ. ఇన్నింటి అడుగున 120కీ 180కీ తేడా కనిపెట్టగల నాలుక భూమ్మీద ఉంటే దాన్ని టీ మీద వృథా చేయకూడదు, సీబీఐకి ఇవ్వాలి.

ఇంతకీ ఆ 120 ఎలా వస్తుందో అడిగారా? కుళాయి నీళ్లని ముందు ఆర్వో మెషీన్లో పోసి 20కి దించుతారు. అందులో ఉన్నవన్నీ తీసేశాక, ఒక పొట్లం చింపి మళ్లీ కాల్షియం, మెగ్నీషియం కలుపుతారు. తీసేసినవే కలుపుతారు, కాకపోతే ఈసారి డబ్బిచ్చి కొని. ఆ మెషీను లీటరు నీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంది. టీడీఎస్ 500 దాటని చోట ఆర్వో మెషీన్లే వద్దు, నిషేధించండి అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. హైదరాబాదుకి పైపుల్లో వచ్చే నది నీళ్లు మామూలుగా ఆ గీతకి కిందే ఉంటాయి. మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన గండిపేట చెరువు ఒకప్పుడు ఈ ఊరి గొంతు తడిపింది. ఇప్పుడు వంద కిలోమీటర్లకు పైన ఉన్న నాగార్జునసాగర్ నుంచి కృష్ణని, ఇంకా దూరం నుంచి గోదావరిని ఎత్తిపోసి తెస్తున్నారు. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లలో రెండు మూడు వంతులు మోరీలో పోసి, మిగిలిన వంతుతో పాల టీ పెడుతున్నారు. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన గల్లీలకి ఆ కేఫ్ పెద్ద దూరం కూడా కాదు.

ఈ మీటరు సంగతి కూడా చెప్పుకోవాలి. అందులో ఉన్నది రెండు లోహపు ముళ్లు. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, ఒక అంకెతో గుణించి, లవణాలు ఇంత ఉండొచ్చని అంచనా చెబుతుంది. అంతే. ఏ లవణమో దానికి తెలియదు. సూక్ష్మజీవులున్నా తెలియదు, పురుగుమందున్నా తెలియదు. ఒకప్పుడు ఫిల్టర్లు అమ్మేవాడు ఇంటికొచ్చి, గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి, కరెంటిచ్చి, నీళ్లు ఎర్రబడగానే ‘చూశారా అమ్మా, మీ పిల్లలు తాగేది ఇదీ’ అని భయపెట్టేవాడు. ఆ ఎరుపు కడ్డీలోని ఇనుము తుప్పు. ఆ మోసానికి వారసుడే ఈ మీటరు. అప్పుడు భయం అమ్మారు, ఇప్పుడు రుచి అమ్ముతున్నారు.

ఈ మీటరు కనిపెట్టలేని ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగి నల్లగొండ జిల్లాలో మనుషుల ఎముకలు వంగిపోయాయి. పిల్లలు పళ్ల మీద గారతో పెరిగారు, పడుచు వయసులోనే నడుములు పట్టేశాయి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడ బోర్లలో దానికి రెట్లకు రెట్లు ఉండేది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని తేర్చే విధానాన్ని నాగపూర్ నీరి సంస్థ రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా వాడే పేరు నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన తీరు అది. ఆ నీళ్లలో మీ మీటరు ముంచితే ఏం చెబుతుంది? 400 ఉండాల్సిన చోట 404. ‘బాగున్నాయి సార్, చాయ్ పెట్టుకోవచ్చు’ అంటుంది. మరిగిస్తే పోతుందా అంటే పోదు, ఆవిరైన నీళ్ల మేరకు ఇంకా చిక్కబడుతుంది. పైగా టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకుల్లో మరీ ఎక్కువ. ముదురాకు వెళ్లేది చవక పొడిలోకి. చవక పొడి వెళ్లేది ఎవరింటికో చెప్పక్కర్లేదు. తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో నది నీళ్లు వచ్చాయి. వంగిన ఎముక మాత్రం తిరిగి నిటారు కాదు. నీళ్లకీ, టీకీ సంబంధం మీద మాట్లాడదలచుకుంటే మాట్లాడవలసింది ఇది. దీని మీద రీలు తీయరు, ఎందుకంటే ఈ గ్లాసు వెనక గిటారు పెడితే బాగుండదు.

కందిపప్పు ఉడక్కపోతే, సబ్బు నురగ రాకపోతే అవి ఉప్పు నీళ్లని మన ఆడవాళ్లకి ఏ మీటరూ లేకుండానే తెలుసు. ఆ నీళ్లు గిన్నె తోమడానికి, తియ్యనీళ్ల బావి నుంచి తెచ్చిన బిందె వంటకి. కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడితే, నీళ్లలోని సున్నం కొంత అక్కడే దిగిపోయిందనీ తెలుసు. దానికి ఎవరూ ఆ కేఫ్‌లోలా కప్పుకి 240 రూపాయలు తీసుకోలేదు.

మిగతా వింతలు క్లుప్తంగా. ఆల్కలైన్ నీళ్లతో చాయ్: కడుపులో ఆమ్లం ఉంటుందని వాళ్లకి ఎవరైనా చెప్పాలి. ఒకసారి కాగిన నీళ్లు మళ్లీ కాచకూడదు, ఆక్సిజన్ పోతుంది: మరిగే నీళ్లలో అది మొదటిసారే నిలవదు, ఆపైన మనం పావుగంట కాస్తాం. చిటికెడు ఉప్పు: 2024లో ఒక అమెరికా కెమిస్ట్రీ ప్రొఫెసరమ్మ ఈ మాట అన్నందుకు బ్రిటన్ గగ్గోలు పెడితే, ఉప్పు తమ ప్రభుత్వ విధానం కాదని లండన్‌లో అమెరికా రాయబార కార్యాలయం సరదాగా ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన ఈ కేఫ్‌ల మెనూ కన్నా తెలివైనది.

ఇక మరగబెట్టడం మీద వీళ్లకున్న చులకన. ‘ఓవర్ బాయిల్ చేస్తే టీ చచ్చిపోతుంది సార్.’ మన దేశంలో తయారయ్యే టీలో ఎనభై శాతానికి పైగా సీటీసీ, అంటే మనం వాడే గుళికల పొడి. 1930 ప్రాంతాల్లో అస్సాంలో పుట్టిన యంత్రం ఆకుని నలిపి, చీల్చి, గుళికలు కట్టింది. తక్కువ పొడితో, తక్కువ సేపట్లో ముదురు రంగూ, ఘాటూ దిగడం దాని గుణం. పాలు పోసినా చెక్కుచెదరకుండా నిలబడేది అందుకే. దాన్ని 92 డిగ్రీల నీళ్లలో పట్టుచీరలా జాగ్రత్తగా ముంచి తీయనక్కర్లేదు. ఇరానీ హోటల్లో మూత బిగించి సన్నసెగ మీద గంటల తరబడి మగ్గే డికాషన్ చూడండి, పక్క పొయ్యి మీద విడిగా చిక్కబడే పాలు చూడండి. ఆ మాస్టర్ చేతిలో థర్మామీటరు లేదు. పొంగు ఎప్పుడు దించాలో ఆయనకి చప్పుడుతో తెలుస్తుంది. దాన్ని ఓవర్ బాయిల్ అనేవాడికి సంస్కారం మీద ఒక క్లాసు పెట్టాలి.

అంతర్జాతీయ ప్రమాణం అని ఒకటి చూపిస్తారు, ఐఎస్ఓ 3103. వంద మిల్లీలీటర్లకి 2 గ్రాముల టీ, ఆరు నిమిషాలు. అది 1980లో వచ్చింది నిజమే. కానీ అది రుచి చూసి ధర కట్టేవాళ్లు రకరకాల టీలని ఒకే తీరున పోల్చడానికి పెట్టుకున్న పద్ధతి. టీ కమ్మగా ఉండాలన్నది దాని ఉద్దేశమే కాదు, లోపాలు బయటపడాలన్నది ఉద్దేశం. దాని అన్నలాంటి బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ అనే వేళాకోళపు బహుమతి ఇచ్చి నవ్వుకున్నారు కూడా. మనవాళ్లు దాన్ని ఫ్రేము కట్టించారు.

ఆ ఫ్రేము పక్కనే ఇంకో ఫ్రేములో లూ యూ బొమ్మ. ఎనిమిదో శతాబ్దపు చైనాలో టీ మీద గ్రంథం రాసిన మహానుభావుడు. కొండనీళ్లు ఉత్తమం, నది నీళ్లు మధ్యమం, బావి నీళ్లు అధమం అన్నాడు కాబట్టి ఆయన వీళ్లకి కులదైవం. ఆయన తర్వాతి పేజీలు ఎవరూ తిప్పలేదు. నీళ్లు కాగుతున్నప్పుడు ఆయన ఉప్పు వేయమన్నాడు. అల్లం, పుదీనా లాంటివి వేసి కాచిన టీ మోరీలో పారబోసే నీళ్లతో సమానమన్నాడు. ఆయన బొమ్మ కింద బోర్డు మీద ఆ కేఫ్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది రాసి ఉంది: అల్లం పుదీనా చాయ్, 240 రూపాయలు, జీఎస్టీ అదనం. బొమ్మ దింపాలా, అల్లం మానాలా వాళ్లే తేల్చుకోవాలి. నన్నడిగితే బొమ్మే దింపమంటాను.